గాలికుంటు టీకా వేసినంత మాత్రాన గొంతువాపు ఆగదు

వానలు పడటం మొదలైతే పాడి ఉన్న ఇళ్లకు గొంతువాపు భయం పట్టుకుంటుంది. సాయంత్రం మేత మేసిన గేదె తెల్లవారేసరికి గురక పెడుతూ కూలబడుతుంది. తరచూ ఒక్క రోజులోనే ప్రాణం పోతుంది. గొంతు పూడుకుపోయి ఊపిరాడక చనిపోయిందని అనుకుంటాం. ఊపిరాడకపోవడం నిజమే గానీ, లోపల రక్తప్రసరణ కూడా కుప్పకూలుతుంది. అది ఎలా జరుగుతుందో తెలిస్తే టీకాను ఎందుకు వాయిదా వేయకూడదో అర్థమవుతుంది.

ఈ రోగానికి కారణం పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. దాని పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. అది రక్తంలో కలిసినప్పుడు శరీరం చేసే ఎదురుదాడిలో రక్తనాళాల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ మోతాదు మించి తయారవుతుంది. మామూలు రోజుల్లో నాళాలను తగినంత వదులుగా ఉంచేది ఇదే. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే అతిగా పుడితే నాళాలు సాగిపోయి రక్తపోటు పడిపోతుంది. సన్న నాళాల నుంచి నీరు కండలోకి కారుతుంది. గొంతు కింద, గంగడోలు దగ్గర కనిపించే వాపు అలా వచ్చిందే. గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా అవయవాలకు చాలినంత రక్తం అందదు. వైద్యులు సెప్టిక్ షాక్ అనేది దీన్నే.

పశువులు, గొర్రెలు, పందుల్లో మరో చిక్కు ఉంది. సూక్ష్మజీవులను పట్టే కణాలు వాటి ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనే కాపురముంటాయి. అందుకే మొదటి దెబ్బ ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఎలుకల్లో, కుక్కల్లో మామూలుగా ఈ ఏర్పాటు ఉండదు. కాబట్టి ఎలుకల్లో షాక్‌కు పనిచేసిన మందు గేదెకూ పనిచేస్తుందన్న భరోసా లేదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది తప్ప అప్పటికే విడుదలైన విషాన్ని వెనక్కి తీయలేదు. జ్వరం మొదలైన తొలి గంటల్లో పడితేనే దానికి ఫలితం. వాపు, గురక ముదిరాక బతికేవి అరుదు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల కోసం పెట్టింది. చెవికి పోగు వేసి సూది వేశారు గనుక అన్ని రోగాలకూ రక్షణ వచ్చిందనుకోవడం తప్పు. గొంతువాపు టీకా ఏటా వానలకు ముందే పడాలి. దాని షెడ్యూలు చూసేది ఆయా రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు.

రాష్ట్రం దాటి స్థిరపడిన మన ఇళ్లకు పేరుతోనూ ఇబ్బందే. మనం గొంతువాపు, గురక రోగం అనేదాన్ని కన్నడంలో గళలె రోగ, గంటలు బేనె అంటారు. మరాఠీలో ఘటసర్ప్, తమిళంలో తొండై అడైప్పాన్. తమిళంలో ఒట్టి అడైప్పాన్ అంటే ఆంత్రాక్స్, అది వేరే రోగం. టీకా శిబిరం నోటీసులో ఏ పేరుందో చూసుకోవాలి. ఇప్పటికే పడిన సూది దేనికని వేసినవారినే అడగాలి.

పశువుకు ఒక్కసారిగా జ్వరం వచ్చి, పాలు తగ్గి, చొంగ కారుతుంటే వాపు కోసం ఎదురుచూడొద్దు. పళ్ల చిగురును వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ దెబ్బతింటున్నట్టే. నోట్లో కషాయాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయండి. మిగతా పశువులను వెంటనే వేరుగా కట్టేయండి.