సింధనూరు బండి ఎవరికోసం?

రాయచూరుకు రైలు 1871లో వచ్చింది. బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ, మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే వేసుకుంటూ వచ్చిన పట్టాలు కలుసుకున్నది అక్కడే. అదే జిల్లాలో, బస్సెక్కితే ఒక పూట కూడా పట్టని దూరంలో ఉన్న సింధనూరుకు మాత్రం రైలు 2024 మార్చిలో గాని రాలేదు. నూట యాభై మూడేళ్ళు! అప్పటిదాకా కారటగిలో ఆగిపోతున్న బళ్ళను ఇరవై కిలోమీటర్ల లోపు ముందుకు పొడిగించారు. యశ్వంతపుర వైపు ఒక బండి, హుబ్బళ్ళి వైపు ఒక బండి అన్నారు. ఊరు సంబరపడింది. పడాలి కూడా.

సంబరం తీరాక అసలు ప్రశ్న ముందుకొచ్చింది. ఈ బండి ఎవరికోసం?

బెంగళూరు వెళ్ళేవాళ్ళ కోసం అని ఒక జవాబు. తప్పేమీ లేదు. కాలువకు నీళ్ళు రాని ఏడాది రాయచూరు జిల్లా పల్లెల నుంచి కూలిజనం మూటాముల్లె సర్దుకుని చేరేది బెంగళూరు కట్టడాల దగ్గరికే. పిల్లలు చదువుకునేది, ఉద్యోగం చేసేది అక్కడే. వ్యాపారుల మాట ఇంకాస్త పొడుగు: హైదరాబాదు కావాలి, తిరుపతి కావాలి, వీలైతే విజయవాడ కూడా కావాలి. రోజూ గంగావతికో కొప్పళకో పోయి సాయంత్రానికి ఇల్లు చేరాల్సిన కాలేజీ పిల్లకు, గిణిగేర చుట్టుపక్కల ఇనుము కర్మాగారాల్లో షిఫ్టు చేసే కుర్రాడికి, కొప్పళ వైద్య కళాశాల ఆసుపత్రికి తల్లిని చూపించుకుపోయే రైతుకు కావలసింది వేరు. వాళ్ళకు కావలసింది పొద్దున పోయే బండి, సాయంత్రం తిరిగొచ్చే బండి, దారిలో ప్రతి చిన్న స్టేషన్‌లోనూ ఆగే బండి. ఈ మూడో వర్గానికి మిగతా ఇద్దరికున్నంత గొంతు లేదు. వినతిపత్రాల్లో వాళ్ళ కోరిక ఎప్పుడూ చివరి పేరాలోనే ఉంటుంది.

ఈ లైను కథ తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం కనిపించదు. మునిరాబాదు–మహబూబ్‌నగర్ మార్గం మంజూరైంది 1990లలో. కర్ణాటక భాగం గిణిగేర నుంచి రాయచూరు దాకా 165 కిలోమీటర్లు. ఇందులో ఖర్చు సగం, భూమి మొత్తం రాష్ట్రానివి. గంగావతి, కారటగి, సింధనూరు అని ఒక్కో ఊరే దాటుతూ వచ్చి, దాదాపు మూడు దశాబ్దాల్లో సగం దూరం నడిచింది. అవతలి కొస నుంచి తెలంగాణ భాగం ముందే ముగిసింది. జక్లేర్–కృష్ణ మధ్య 37 కిలోమీటర్లను 2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో ప్రారంభించారు. కృష్ణ స్టేషన్ నుంచి కాచిగూడ–రాయచూరు డెమూ ప్యాసింజర్ బండికి ఆ రోజే పచ్చజెండా ఊపారు. ఇక మిగిలింది సింధనూరు నుంచి మాన్వి మీదుగా రాయచూరు దాకా ఉన్న ముక్క. అది పూర్తయితే సింధనూరు మనిషి బండి మారకుండా హైదరాబాదు చేరవచ్చు.

ఈ ముక్క మీద క్యాంపుల్లో ఉన్నంత ఆశ ఇంకెక్కడా లేదు. 1953లో తుంగభద్ర డ్యామ్ తయారయ్యాక, ఎడమ కాలువ కింద నల్లరేగడి చౌకగా దొరుకుతుందని విని కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు ఉన్న ఎకరం, అరెకరం అమ్ముకుని వచ్చి ఇక్కడ దిగారు. ఆనాడు గుడిసెలు వేసుకున్నారు గనుక క్యాంపులన్నారు. ఇవాళ మేడలున్నాయి, రైస్ మిల్లులున్నాయి, రామాలయాలున్నాయి. పేరు మాత్రం క్యాంపే. గంగావతి దగ్గరి శ్రీరామనగర్ నుంచి సింధనూరు, మాన్వి తాలూకాల దాకా ఇదే వరస. మూడో తరం ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడుతుంది. పెళ్ళికో కర్మకో స్వస్థలం పోవాలంటే హొసపేటకో బళ్ళారికో వెళ్ళి నరసాపురం పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ పట్టుకోవడం వాళ్ళకు అలవాటైన దారి. కాబట్టి ఆంధ్ర, తెలంగాణ వైపు పోయే ఏ బండి పేరెత్తినా క్యాంపు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

కానీ ఏడాదికి రెండుసార్లు ఎక్కే బండి కోసం పడే ఆరాటం, ఏడాదికి మూడు వందల రోజులు ఎక్కే బండి గురించి కనిపించడం లేదు. ఈ శీర్షిక తగాదా అక్కడే.

పట్టాలు పడితే చాలు, బళ్ళు వాటంతట అవే వస్తాయనుకునేవాళ్ళు ఒక్కసారి హైదరాబాదు చూడాలి. అక్కడ ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది 2003 ఆగస్టులో, అప్పటి ఉప ప్రధాని అద్వానీ చేతుల మీదుగా. కొత్త పట్టాలు పెద్దగా వేయకుండా, ఉన్న లైన్ల మీదే సికింద్రాబాదు, నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమాలను కలిపారు. కనీస టికెట్ ఐదు రూపాయలు. ఈ కాలంలో ఐదు రూపాయలకు హైదరాబాదులో సగం కప్పు టీ కూడా రాదు. మంచిరోజుల్లో దినానికి 121 సర్వీసులు నడిచేవి. హైటెక్ సిటీ ఉద్యోగి, బేగంపేట ఇళ్ళలో పనిచేసే ఆవిడ, కూరగాయల గంప పెట్టుకున్న ముసలమ్మ ఒకే పెట్టెలో ప్రయాణించిన రోజులవి.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ కదిలింది 2021 జూన్‌లో, అదీ కొన్ని మాత్రమే. ఏడాది పైన ఆగిన బండికి జనం దూరమయ్యారు. కొందరు బైకు కొన్నారు, కొందరు మెట్రోకు మారారు. జనం తగ్గారు గనుక సర్వీసులు తగ్గించామని రైల్వే అంది. సర్వీసులు తగ్గించారు గనుకే ఎక్కడం మానేశామని జనం అన్నారు. ఈ వాదన ఇప్పటికీ తెగలేదు, మరమ్మతుల పేరుతో బళ్ళు రద్దయిన ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. ఇందులో జనం మాటకే బలమెక్కువ. అరగంటకొకసారి వచ్చే బండిని నమ్మి ఇల్లు కొనుక్కునేవాడుంటాడు. ఎప్పుడొస్తుందో తెలియని బండిని నమ్మి ఇంటి నుంచి బయలుదేరేవాడుండడు.

రెండో దశ మరీ విచిత్రం. 2012–13లో రూ. 816 కోట్ల అంచనాతో మంజూరు చేశారు. మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలని ఒప్పందం. రాష్ట్రం తన వాటా ఇవ్వలేదని రైల్వే ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేసింది, ఖర్చు పెరుగుతూ పోయింది. చివరికి మేడ్చల్ వైపు, ఉందానగర్ వైపు బళ్ళు కదిలింది 2023 ఏప్రిల్ 8న. ఆ రోజు ప్రారంభించినవి 13 సర్వీసులు. 2024 మార్చి 5న సనత్‌నగర్–మౌలాలి రెండో లైను, దాంతోపాటు ఆరు కొత్త స్టేషన్ భవనాలు, ఘట్‌కేసర్–లింగంపల్లి బండి వచ్చాయి. భవనాలు బాగున్నాయి. వాటి ముందు ఆగే బళ్ళే బహు కొద్ది. కోట్లు పోసి లైను వేశాక గంటకొక బండి కూడా ఇవ్వలేకపోవడానికి రైల్వే చెప్పే కారణం కాదనలేనిదే: ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు చాలినన్ని లేవు, దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ అదే దారిన పోవాలి. దారి ఇరుకైనప్పుడు ముందుగా పక్కకు జరిగేది లోకల్ బండే.

సింధనూరుకు ఈ పాఠం సూటిగా వర్తిస్తుంది. గిణిగేర లైను ఒంటి లైను. రేపు రాయచూరు కలిసిందంటే ఇది రెండు పెద్ద మార్గాల మధ్య అడ్డదారి అవుతుంది. బియ్యం, ఎరువులు, ఇనుప ఖనిజం, బొగ్గు అన్నీ ఇటు మళ్ళించవచ్చు. అప్పుడు గోరేబాళలోనో సిద్ధాపురలోనో రెండు నిమిషాలు ఆగే చిన్న బండికి చోటెక్కడిదన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. క్రాసింగ్ స్టేషన్లు ఎన్ని, లూప్ లైన్లు ఎంత పొడవు అన్న సంగతులు నిర్మాణం నడుస్తుండగా అడిగితే పని అవుతుంది. అయిపోయాక అడిగితే ఫైలు అవుతుంది.

డబ్బు సంగతి కూడా ఉంది. ప్రయాణికుల టికెట్ మీద సగటున 46 శాతం తామే భరిస్తున్నామని రైల్వే మంత్రి చాలాసార్లు చెప్పారు. ప్యాసింజర్ బండి నష్టాల బండి అనే అభిప్రాయం ఆ శాఖలో లోతుగా ఉంది. కరోనా తర్వాత ప్యాసింజర్లను స్పెషల్ అని పేరు మార్చి నడిపినప్పుడు పది రూపాయల కనీస టికెట్ ముప్ఫై అయింది. అది మళ్ళీ పదికి దిగింది 2024 ఫిబ్రవరి చివర్లో, అంటే సింధనూరుకు బండి రావడానికి కొద్ది వారాల ముందు. ఆ లెక్కన సింధనూరు అదృష్టవంతురాలు. 2025 జూలై 1న చార్జీలు పెంచినప్పుడు కూడా సబర్బన్ టికెట్లనూ సీజన్ టికెట్లనూ ముట్టుకోలేదు. నూట యాభై కిలోమీటర్ల దాకా సీజన్ టికెట్ ఇస్తారు గనుక సింధనూరు నుంచి హొసపేట దాకా రోజూ తిరిగేవాడికి నెలపాసు దొరుకుతుంది. పాసు పెట్టుకుని ఎక్కడానికి వేళకు బండి ఉండాలి, అంతే.

ఇక్కడ ఎదుటి పక్షం ఒక గట్టి ప్రశ్న వేస్తుంది. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు సర్కారు బస్సు ఉచితం. శక్తి పథకం వచ్చాక గంగావతి రోడ్డు మీద బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. ఉచిత బస్సు గుమ్మం ముందుండగా డబ్బులిచ్చి రైలెక్కే ఆడమనిషి ఎవరు? నిజమే, కొంతమంది ఎక్కరు. అయితే బస్సులో కాలు పెట్టే చోటు లేక టికెట్ కొన్న మగవాడూ ఉచితంగా ఎక్కిన ఆడమనిషీ కీచులాడుకునే దృశ్యం ఈ తాలూకాలో ఎవరికి తెలియదు? చంటిపిల్లతోనో రోగితోనో బయలుదేరినవాళ్ళు ఇరవై రూపాయలు పోయినా కూర్చునే చోటు, మరుగుదొడ్డి ఉన్న బండి వైపే చూస్తారు. బస్సు ఉచితమైందని రైలు అక్కర్లేదనడం కన్నా, ఆ బస్సు మీది భారం దించడానికే రైలు కావాలనడం సబబు.

బళ్ళ మార్పుల మీద జనం గట్టిగా నిలబడితే ఏమవుతుందో ముంబయి చూపించింది. 2022 ఆగస్టులో మామూలు లోకళ్ళ వేళల్లో ఏసీ లోకళ్ళు పెట్టారు. టికెట్ కొనలేనివాళ్ళంతా తర్వాతి మామూలు బండి మీద పడ్డారు. కళ్వాలో పట్టాల మీద అడ్డం నిలబడ్డారు, బద్లాపూర్‌లో స్టేషన్ ముందు నిరసనకు దిగారు. వారం తిరక్కుండానే సెంట్రల్ రైల్వే పది ఏసీ సర్వీసులను వెనక్కు తీసుకుంది. అక్కడ పేచీ బండి మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఆ వేళ ఎవరిది అన్నది.

మన రాజధాని సంగతి చెప్పుకోకపోవడమే మేలు. బెంగళూరు సబర్బన్ రైలుకు 148 కిలోమీటర్లు, రూ. 15,767 కోట్లు అని 2022 జూన్‌లో శంకుస్థాపన చేసి, నలభై నెలల్లో పూర్తి చేస్తామన్నారు. నలభై నెలలు గడిచాయి. ఒక్క కారిడార్ మీద కూడా బండి నడవలేదు.

సింధనూరుకు అంత పెద్ద కలలు అక్కర్లేదు. చిక్కు మరోచోట ఉంది. సింధనూరు హుబ్బళ్ళి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వే కిందిది. రాయచూరు స్టేషన్ ఎన్నో ఏళ్ళుగా దక్షిణ మధ్య రైల్వే చేతిలో, గుంతకల్లు డివిజన్‌లో ఉంటూ వచ్చింది. జిల్లా ఒకటే అయినా తాలూకా ఒక జోన్, జిల్లా కేంద్రం ఇంకో జోన్. రెండు జోన్ల మధ్య తిరిగే చిన్న బండికి పెట్టెలు ఎవరివి, డ్రైవరు ఎవరు, రాత్రి కడిగి నిలబెట్టేది ఎక్కడ అన్న పేచీ తెమలడానికి పట్టాలు వేసినంత కాలం పడుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకు రాయచూరు కచేరీకో వ్యవసాయ విశ్వవిద్యాలయానికో చేరాల్సినవాడికి జోన్ సరిహద్దుతో పనేమిటి?

రాయచూరుకు ఎయిమ్స్ కావాలని 2022 మే నుంచి ఏళ్ళ తరబడి శిబిరంలో కూర్చున్న జిల్లా ఇది. ఓపికకు కొదవ లేదు. ఆ ఓపికలో కొంత ఇటు మళ్ళించి, ఎంపీలు, ఎమ్మెల్యేలు వచ్చినప్పుడు హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ పేరు చెప్పే ముందు వేరే కాగితం ఒకటి ఇవ్వాలి. అందులో రెండే కోరికలు చాలు. గిణిగేర వైపు పొద్దున ఏడు గంటల లోపు ఒక డెమూ, సాయంత్రం ఆరు తర్వాత తిరుగు బండి, ఇప్పుడే. రాయచూరు లైను తెరిచిన మొదటి రోజే కాచిగూడ డెమూను సింధనూరు దాకా పొడిగించడం, దానికి రెండు జోన్ల అంగీకారం ముందే రాతపూర్వకంగా తీసుకోవడం. క్యాంపుల పెద్దలు సంతకాలు పెట్టాల్సింది ముందు ఈ కాగితం మీద. విజయవాడ బండి కోరిక దాని వెనకాలే పంపుకోవచ్చు.