సర్కారు తుమ్మ, విలాయతీ కీకరు: డేటాబేసులకు వినబడని పేర్లు

ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఉత్తర ప్రాంగణము నానుకొని ‘రిడ్జి’ యనబడు రాతిగుట్టల వరుస కలదు. ఆరావళీ పర్వతశ్రేణికి అది ఉత్తరపు కొస. దానిపై నేడు దట్టముగా కనబడు ముండ్లచెట్టు ఈ దేశమున పుట్టినది కాదు. 1911లో రాజధాని కలకత్తానుండి ఢిల్లీకి మారునని ప్రకటన వెలువడిన తరువాత, బోడిగుట్టలను త్వరగా పచ్చబరుపవలెనను తలంపుతో ఆంగ్ల ప్రభుత్వమువారు ఈ అమెరికాఖండపు చెట్టును నాటించిరి. హిందీవారు దానిని విలాయతీ కీకరు అందురు. రాయలసీమనుండియో తెలంగాణమునుండియో వచ్చి యిచట చదువుకొను తెలుగు విద్యార్థి దానిని చూచినంతనే గుర్తుపట్టును. అతని యూరి చెరువులో పెరిగినదియు అదియే. అతడు దానిని సర్కారు తుమ్మ యనును.

ఆ విద్యార్థియే గ్రంథాలయములో కంప్యూటరు ముందు కూర్చుండి పర్యావరణ విషయమున పరిశోధన ఆరంభించినప్పుడు ఈ గుర్తింపు అక్కరకు రాదు. డేటాబేసునందు ‘ప్రొసోపిస్ జూలిఫ్లోరా’ అను శాస్త్రీయ నామము నిచ్చినచో వ్యాసములు పుంఖానుపుంఖముగా వచ్చును. ఈ చెట్టు నేలను ఏమి చేయుచున్నది, తన నీడలో ఇతర మొక్కలను ఎట్లు ఎదుగనీయదు, భూగర్భజలమును ఎంత పీల్చును, ఉపగ్రహ చిత్రములలో దాని వ్యాప్తి నెట్లు కొలువవచ్చును అను విషయములన్నియు అందులో నుండును. సర్కారు తుమ్మ యని తెలుగు లిపిలో వ్రాసి వెదకినచో దాదాపు శూన్యము. అంతట ఆ విద్యార్థి తన సిద్ధాంత గ్రంథపు పూర్వపరిశోధన సమీక్షలో ‘ఈ విషయమున తెలుగులో చెప్పుకొనదగిన సామగ్రి లేదు’ అని యొక వాక్యము వ్రాయును. పరీక్షకులు దానిని ప్రశ్నింపరు. తరువాతి పరిశోధకుడు ఆ వాక్యమునే ఉదాహరించును. ఈ విధముగా ‘దొరకలేదు’ అన్నది రెండు తరములలో ‘లేదు’ అయి కూర్చుండుచున్నది.

డేటాబేసు లోకములోని జ్ఞానమంతటికిని పట్టిక కాదు. ఎవరో యెన్నుకొన్న పత్రికలకు ఎవరో వ్రాసిన సూచిక అది. స్కోపస్ వంటి సూచికలో ఒక పత్రిక చేరవలెనన్నచో వ్యాస శీర్షికలును సంగ్రహములును ఆంగ్లమున నుండవలెను, ఉపయుక్త గ్రంథముల పట్టిక రోమను లిపిలో నుండవలెను. తెలుగు పత్రిక యేదియు ఈ ద్వారమున సులభముగా ప్రవేశింపజాలదు. ఇందు కుట్ర యేమియు లేదు. ఆ సంస్థ తన పాఠకులను దృష్టియం దుంచుకొని నియమము చేసికొన్నది. తప్పంతయు ఆ నియమమును ఎరుగక దాని మౌనమును సాక్ష్యముగా గ్రహించువారిది.

ఢిల్లీ నగరమునకు ఈ సూచికల వ్యవసాయము కొత్త కాదు. రంగనాథన్‌గారు 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వచ్చి గ్రంథాలయశాస్త్ర బోధనకు ఇచట పాదు వేసిరి. 1952లో యునెస్కో సాయముతో ఇన్స్‌డాక్ అను శాస్త్ర సమాచార కేంద్రము ఏర్పడినది. 1965నుండి అది భారతీయ విజ్ఞాన వ్యాసముల సంగ్రహములను ప్రకటించినది. పేర్లు మారి, ఇతర సంస్థలతో కలిసి, 2021నుండి అది ‘నిస్పర్’ అను సంస్థలో అంతర్భాగమైనది. 1988లో ఢిల్లీ గ్రంథాలయముల కూటమిగా పుట్టిన డెల్నెట్ నేడు జవహర్లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి దేశమంతటి గ్రంథాలయములను కలుపుచున్నది. 2025 జనవరినుండి ‘ఒకే దేశము, ఒకే చందా’ పథకము ప్రారంభమైనది. మూడు సంవత్సరములకు ఆరువేల కోట్ల రూపాయలు, ముప్పదిమంది ప్రచురణకర్తలు, సుమారు పదుమూడువేల పత్రికలు, ఆరువేల మూడువందల సంస్థలు. కడప జిల్లాలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికిని ఢిల్లీ విద్యార్థికిని ఇప్పుడు ఒకే పత్రిక అందుబాటులో నున్నది. ఇది గొప్ప మేలు, సందేహము లేదు. కాని యీ ఆరువేల కోట్లతో కొన్నది చదువు హక్కు మాత్రమే. దేశభాషలలోని దానిని వెదకిపట్టు సాధనము ఈ ధనమున రాదు. అది భాషాశాఖలవారు చేసికొనవలసిన పని.

భాషాపండితులకు ఇందు ఏమి పని యని కొందరందురు. ఈ చెట్టు పేర్లనే పరిశీలించినచో సమాధానము దొరకును. హిందీలో కీకరు అనగా మన నల్లతుమ్మ. విదేశమునుండి వచ్చినది గనుక విలాయతీ కీకరు. తమిళమున కరువేలము నల్లతుమ్మ; ఇది సీమై కరువేలము. కన్నడమున జాలి యనగా తుమ్మ. ఇది బళ్ళారి జాలి. గుజరాతీలో బావళ్ అనగా తుమ్మ. ఇది గాండో బావళ్, అనగా పిచ్చి తుమ్మ. తెలుగున సర్కారు తుమ్మ. ఐదు భాషలవారు, ఒకరినొకరు సంప్రదింపకయే, ఈ కొత్త చెట్టును చూచి తమ యెరుకలోని నల్లతుమ్మ ప్రక్కన నిలిపిరి. పిదప దాని తలపై నొక విశేషణము పెట్టిరి. ఆ విశేషణములో చరిత్ర దాగియున్నది. హిందీ, తమిళ నామములు అది పరదేశమునుండి వచ్చినదని చెప్పును. తెలుగు నామము అది ఎవరిచేత వచ్చినదో చెప్పును. గుజరాతీ నామము వచ్చిన తరువాత అది ఎట్లు ప్రవర్తించినదో చెప్పును. కన్నడ నామము ఏ త్రోవన వచ్చినదో చెప్పుచున్నట్లున్నది. బళ్ళారి 1953వరకు మద్రాసు రాష్ట్రములోని జిల్లా. చెట్టు మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖ ద్వారా మైసూరు సీమకు చేరియుండునను ఊహకు ఈ పేరు తావిచ్చుచున్నది. ఊహ మాత్రమే, కాని శోధింపదగిన ఊహ. లాటిను నామము ఒక్కదానినే పట్టుకొన్నవానికి ఈ ప్రశ్నయే తోచదు.

ఆ ఊహకు ఊతమిచ్చు విషయ మొకటి కలదు. మద్రాసు అటవీశాఖలో ఉన్నతాధికారియు, దక్షిణభారత వృక్షములపై ప్రసిద్ధ గ్రంథములు రచించిన వాడును అగు బెడ్డోము 1876లో రెవెన్యూశాఖకు ఉత్తరము వ్రాసి, మెట్టప్రాంతములలో నాటుటకు ఈ చెట్టు విత్తనములను తెప్పింపుమని కోరెను. జమైకా ద్వీపమునుండి వచ్చిన విత్తనములను కడప జిల్లా కమలాపురమున నాటిరి. భారతదేశమున ఈ చెట్టు చరిత్రకు తొలి ఘట్టముగా శాస్త్రజ్ఞులు చెప్పునది ఇదియే. ఢిల్లీ రిడ్జిపైకి అది రాకమునుపు ముప్పదియేండ్లకు పైగా తెలుగువారికి దానితో సహవాసమున్నదన్న మాట. సర్కారు తుమ్మ యను పేరు కమలాపురపు పరిసరములలో పుట్టినదా, తెలంగాణమున వేరుగా పుట్టినదా? ఇది నిఘంటుకారునికి ఎంత రుచికరమైన ప్రశ్నయో, పర్యావరణ చరిత్రకారునికిని అంత అవసరమైన ప్రశ్న. 1940లో జోధపూరు ప్రభువు దీనిని రాజవృక్షముగా ప్రకటించెను. అచట రాజవృక్షము, గుజరాతున పిచ్చి తుమ్మ!

దేశ్యనామములు నిలుకడ లేనివనియు, శాస్త్రీయ నామమే ప్రమాణమనియు ఒక ఆక్షేపణ యున్నది. మొదటి భాగము కొంత నిజమే. ఒక పేరు పది మొక్కలకు చెల్లును, ఒక మొక్కకు పది పేర్లుండును. ‘సీమ’ యను విశేషణము సీమచింతకును తగిలినది. రోమను లిపిలో దానిని వెదకినచో రాయలసీమ వార్తలన్నియు వచ్చి మీదపడును. కాని రెండవ భాగమునకు మాత్రము ఇటీవలి చరిత్ర సహకరింపదు. 2005లో వియన్నాలోను 2011లో మెల్బోర్నులోను జరిగిన వృక్షశాస్త్ర మహాసభల తీర్మానముల ఫలితముగా ‘అకేసియా’ యను పేరు ప్రధానముగా ఆస్ట్రేలియా చెట్లకు దక్కి, మన నల్లతుమ్మ ‘వాచెల్లియా’ అయినది. 2022లో ‘ప్రొసోపిస్’ ప్రజాతిని విడదీసి సర్కారు తుమ్మను ‘నెల్టూమా’ యనిరి. జమ్మిచెట్టు మాత్రము ప్రొసోపిస్‌లోనే నిలిచినది. అనగా నిన్నటివరకు శాస్త్రము జమ్మిని, సర్కారు తుమ్మను ఒకే ప్రజాతిలో నుంచినది, నేడు వేరుచేసినది. తెలుగు రైతు వానిని ఎన్నడును ఒక్కటిగా పిలువలేదు. ఇందువలన రైతు శాస్త్రజ్ఞునికంటె అధికుడని కాదు, ఏలయన అతడు దానిని చేర్చిన తుమ్మల వర్గమును శాస్త్రము అంగీకరింపదు. ప్రమాణమని తలచిన పేరును ఇరువదియేండ్లలో చలించినదని మాత్రము తెలియవలెను. పాత పేరుతో వెదకినవానికి కొత్త వ్యాసములు తప్పిపోవచ్చును, కొత్త పేరుతో వెదకినవానికి డెబ్బదియేండ్ల సాహిత్యము తప్పిపోవచ్చును. కావున రెండు లాటిను నామములను, దేశభాషా నామములను, వాని రోమను రూపములను ‘లేక’ యను సంబంధముతో కలిపి ఒకేసారి అడుగుట తెలిసిన పరిశోధకుని పద్ధతి. దీనిని నేర్పుటకు ఒక పూట చాలును. చాల విశ్వవిద్యాలయములలో ఆ పూటయే దొరకుట లేదు.

రోమను రూపముల చిక్కు వేరుగా చెప్పవలసి యున్నది. ‘తుమ్మ’ను కొందరు ‘టి’ అక్షరముతోను, కొందరు దానికి ‘హెచ్’ చేర్చియు వ్రాయుదురు. ‘చెరువు’ను అమెరికా కాంగ్రెసు గ్రంథాలయ పద్ధతి ననుసరించు సూచికలు ‘సి’తోను, తక్కినవారు ‘సిహెచ్’తోను వ్రాయుదురు. పాత ఆంగ్ల పత్రములలో కొల్లేరు ‘కొలైర్’, కృష్ణ ‘కిస్ట్‌నా’. 2002లో రామ్‌సర్ జాబితా కెక్కిన కొల్లేటి సరస్సుపై పరిశోధించువాడు నేటి అక్షరక్రమముతో జనపథము నందలి జాతీయ అభిలేఖాగారపు సూచికను వెదకినచో పందొమ్మిదవ శతాబ్దపు కాగితములు అతనికి కనబడకపోవచ్చును. ఇక తెలుగు లిపిలో నున్నవాని గతియు అంతంతమాత్రమే. అను, శ్రీలిపి మొదలగు అచ్చు ఫాంటులలో కూర్చిన పుటలు కంటికి తెలుగే యైనను కంప్యూటరు లోపల తెలుగు కావు. యూనికోడులో లేని యా అక్షరములను ఏ వెదకు యంత్రమును పట్టజాలదు. పాత పుస్తకములను చిత్రములుగా తీసి పెట్టిన అంకాత్మక భాండాగారములలో శీర్షికలే చిత్రవిచిత్రముగా తప్పులతో నమోదైనవి. తప్పుపేరుతో నమోదైన పుస్తకము అలమరలో నుండియు లేనిదే.

వర్గీకరణమువలన మరుగుపడినవియు కలవు. పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తటాకమును త్రవ్వించి వేయించినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, దానికి తగిలెడి ఆరు దోషములను అది పేర్కొన్నది. వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని లెక్క చెప్పినది. శాసనవేత్తలు దీనిని శతాబ్దము క్రిందటనే ప్రకటించిరి. సూచికలలో అది శాసనముల క్రింద, చరిత్ర క్రింద నుండును. జలనిర్వహణము క్రింద వెదకువానికి కనబడదు. ఆ కడప జిల్లాలోనే కమలాపురమున్నది. సర్కారు తుమ్మ చెరువుల నాక్రమించుటపై వ్రాయువానికి ఈ రెండును ఒక్కచోట కనబడవలసినవి.

దీనికి చేయవలసినది మిక్కిలి సామాన్యమైన పని: పర్యాయనామముల పట్టిక. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి ‘అగ్రోవోక్’ అను బహుభాషా పదకోశమున హిందీ, తెలుగు భాషలును చేరియున్నవి. కావున మార్గము లేదనుటకు వీలులేదు. అయితే పారిభాషిక పదమును అనువదించుట వేరు, జనులు వాడు పేరును సేకరించుట వేరు. మొదటిది బల్లయొద్ద కూర్చుండి చేయవచ్చును. రెండవదానికి నిఘంటువులు, మాండలిక వృత్తిపదకోశములు, శాసనములు, కైఫీయతులు తిరుగవేయవలెను, ఊళ్ళకు పోవలెను. ఒక్కొక్క చెట్టుకు, ఒక్కొక్క నీటివనరుకు ఒక్కొక్క నమోదు: తెలుగు లిపిలో పేరు, ఏ మండలమున వాడుదురో, దొరకిన రోమను రూపములన్నియు, పాత కొత్త లాటిను నామములు, సోదరభాషలలోని పేర్లు. ఢిల్లీలో దీనికొక సౌకర్యము కలదు. ఇచటి విశ్వవిద్యాలయములలో తెలుగు, తమిళ, హిందీ ఆచార్యులు ఒకే వీథిలో నడచుచున్నారు. రవీంద్రభవనము నందలి సాహిత్య అకాడెమీ గ్రంథాలయమున ఆ భాషల పుస్తకములు ఒక్క కప్పుక్రింద నున్నవి. 1901–1953 నడుమ వెలువడిన భారతీయ సాహిత్యమునకు అకాడెమీవారు సమకూర్చిన జాతీయ గ్రంథసూచి ఇట్టి బహుభాషా కృషి సాధ్యమని ఎన్నడో నిరూపించినది.

ఈ పట్టిక లేకపోవుటవలన కలుగు నష్టము పండితులకు మాత్రమే పరిమితము కాదు. సర్కారు తుమ్మను నిర్మూలింపవలెనా, ఉండనీయవలెనా యను చర్చ ఢిల్లీ రిడ్జిపైనను దక్షిణమునను సాగుచున్నది. దాని బొగ్గు కాల్చి, దాని కట్టె అమ్మి బ్రతికిన కుటుంబములున్నవి. దానివలన మేతబీడును చెరువు లోతును కోల్పోయిన గ్రామములున్నవి. వారు చెప్పుకొన్నది పత్రికా వార్తలలో, కథలలో, స్థానిక నివేదికలలో తెలుగున చెదరియున్నది. నిర్ణయించువారి ముందుకు పోవు సమీక్షలు మాత్రము డేటాబేసునుండి సిద్ధమగును. చెరువు కడుపులో ఈ చెట్టు లేని కాలమును కన్నులార చూచినవారు పల్లెలలో ఇంకను కొందరున్నారు. వారి వయస్సు ఎనుబదికి చేరువైనది.