పోర్ట్‌ఫోలియోలో వాడ ఎక్కడ? (మన చదువులు – 9)

డిజైన్ చదివే మన పిల్లలు తమ పోర్ట్‌ఫోలియోలు పంపి, "అన్నా, కంపెనీవాళ్ల కంట్లో పడాలంటే ఇంకేం కలపాలి?" అని అడుగుతున్నారు. నేను డిజైనర్ని కాదు. అయినా వరసగా చూస్తుంటే ఒకటి తెలిసిపోతోంది. అందరి దగ్గరా అదే ఫుడ్ డెలివరీ యాప్‌కి కొత్త రంగులు, అదే కాఫీ షాపు లోగో. కాఫీ షాపు గడప తొక్కని పిల్లాడు కూడా కాఫీ షాపు లోగోనే వేస్తాడు. డిజైనంటే అదేనని నేర్పారు మరి.

చెంబు సంగతి చెప్తాను. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ పుట్టడానికి అదే ఆధారం. అందులో మన చెంబును తెగ మెచ్చుకున్నారు. ఇలాంటిది చెయ్యాలంటే ఏమేం ఆలోచించాలో రాశారు: ఎంత నీరు పట్టాలి, నెత్తిన మోస్తారా చంకన పెట్టుకుంటారా, ఎలాంటి చేతులు పట్టుకుంటాయి, ఖర్చెంత. మంచి ప్రశ్నలే. లేని ప్రశ్న ఒక్కటే. ఆ చెంబును ఎవరు ముట్టుకోకూడదు? హోటల్లో రెండు గ్లాసులు చూసిన మన తాతైతే ముందు అదే అడిగేవాడు. దోసిలి పట్టి తాగినోడికి తెలిసినంతగా చెంబు గురించి ఇంకెవరికి తెలుస్తుంది?

జూనియర్లను తీసుకునేవాళ్లు చివరి బొమ్మ ఒక్కటే చూసి వదలరు. దాని దాకా ఎలా వచ్చావు, ఎవరితో మాట్లాడావు, ఏది చెడిపోయింది, ఎందుకు మార్చావు అని తవ్వుతారు. తమ్ముడూ, చెల్లీ, మీ దగ్గర సరుకున్నది అక్కడే. నాన్న చెప్పులు కుడతాడా? రంపెతో తోలు ఎలా కోస్తాడో, ఆరె ఏ వాటంలో గుచ్చుతాడో గీసి పెట్టండి. అమ్మ మున్సిపాలిటీలో ఊడుస్తుందా? చీపురు కర్ర పొడవు కొలవండి. నడుము ఎక్కడ పడుతోందో అడగండి. రెండు మూడు కర్రలు మార్చి ఇచ్చి చూడండి. ఆమె "ఇది పనికిరాదురా" అని పారేసిన కర్ర ఫొటో కూడా పెట్టండి. అసలు అడిగేది దాన్ని గురించే.

2025లో ప్రాడా మిలాన్‌లో చూపించిన చెప్పులు చూసి కొల్హాపురి పనివాళ్లు గొడవ చేశాకే, వాటి మూలం భారతదేశపు చేతిపనిలో ఉందని ఆ కంపెనీ ఒప్పుకుంది. మన పని మిలాన్ ఎక్కుతుంది, మన పిల్లాడి పోర్ట్‌ఫోలియో మాత్రం ఎక్కదు! ముంబైలో సుధీర్ రాజ్‌భర్ తిట్టుగా వాడే 'చమార్' మాటనే తన స్టూడియోకి పేరు పెట్టుకున్నాడు. మీరూ అలాగే చెయ్యాలని అనను. కులం బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. పనిని మాత్రం దాచకండి.

కంపెనీలకూ ఒక మాట. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు, ప్రతిభే చూస్తాం అంటారు. తర్వాత జీతం లేని ఇంటర్న్‌షిప్ చేశావా అని అడుగుతారు. హైదరాబాద్‌లో ఆర్నెల్లు గది అద్దె కట్టగలిగే తండ్రి ఉన్నవాడే అనుభవం ఉన్నవాడవుతున్నాడు. అదేం ప్రతిభ? ఇంటర్న్‌కి జీతమివ్వండి, ఆ తర్వాత మాట్లాడదాం.

ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ ఆగిపోతే ఏం చెయ్యాలో వచ్చే భాగంలో రాస్తాను. పోర్ట్‌ఫోలియోలు పంపుతూ ఉండండి, కాస్త కాఫీ షాపులు తగ్గించి.

జై భీమ్.