ఇంజను జరిపితే చాలా?

పులితోలు కప్పుకుని చేలో మేసిన గాడిద కథ మీరు చదివే ఉంటారు. ఫ్రాన్సులోని రెనో కంపెనీ 1980లో దీనికి సరిగ్గా తలకిందులైన పని చేసింది. పులికి గాడిదతోలు కప్పింది! ఆ కారు పేరు రెనో 5 టర్బో. ఇదంతా ఉత్త ఆడంబరమని కొట్టిపారేసేవారున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, విని మీరే తేల్చండి.

1972లో వచ్చిన రెనో 5 సామాన్య కుటుంబాల చిన్న కారు. దాని ఇంజను ముందు ఉంటుంది, ముందు చక్రాలనే తిప్పుతుంది. దీన్ని ర్యాలీ పందేలలో గెలిపించాలని కంపెనీ కోరిక. పెద్ద ఇంజను పెడితే సరిపోదా అంటారేమో. సరిపోదు. బస్సు ఒక్కసారిగా కదిలితే మీరు వెనక్కి తూలుతారు కదా! అలాగే కారు వేగం పుంజుకునేటప్పుడు బరువులో కొంత వెనక చక్రాలమీదికి మళ్ళుతుంది. ముందు చక్రాలు తేలికపడి, పట్టు దొరకక ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. పైగా కారును మలుపు తిప్పవలసినవీ ఆ చక్రాలే!

అందుకని ఇంజనీర్లు వెనక సీటు తీసేసి, ఇంజనును డ్రైవరు వీపు వెనక, వెనక ఇరుసుకు ముందు అమర్చి, దానిచేత వెనక చక్రాలను తిప్పించారు. ఇందులో మరో లాభం ఉంది. ఒక కర్రకు రెండు చివరలా రాళ్ళు కట్టి, మధ్యలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. తర్వాత ఆ రాళ్ళనే చేతికి దగ్గరగా జరిపి తిప్పండి. బరువు అంతే, శ్రమ మాత్రం ఎంత తగ్గిందో! ఇంజను మధ్యకు వస్తే కారు కూడా మలుపులో అంత చురుగ్గా తిరుగుతుంది. అంత చురుగ్గానూ అదుపు తప్పుతుంది, అది వేరే సంగతి.

‘జరిపారు’ అనడం తేలిక. మామూలు రెనో 5లో వెనక చక్రాలకు చుట్టల స్ప్రింగులు లేవు. కారుకు అడ్డంగా పరచిన రెండు ఉక్కు కడ్డీలు మెలిపడుతూ, విచ్చుకుంటూ కుదుపును ఓర్చుకుంటాయి. అవి ఒకదాని వెనక ఒకటి ఉండడంవల్ల, ఆ కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఒక పక్కకంటే రెండో పక్క సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కువ! (ఈ వింత నాకు భలే ఇష్టం.) ఇంజను రావడంతో ఆ కడ్డీలు పోయి చుట్టల స్ప్రింగులు వచ్చాయి. పట్టు కోసం వెనక చక్రాలు వెడల్పయ్యాయి. వాటిని కప్పడానికి కారు పక్కలు ఉబ్బాయి. ఆ ఉబ్బులోనే ఇంజనుకు గాలి అందే దారులు పెట్టారు. ఒకటి కదిలిస్తే ఎన్ని కదిలాయో చూశారా!

ఇంజను పరిమాణం మాత్రం 1397 ఘన సెంటీమీటర్లే. బయటికి పోయే పొగతో తిరిగే టర్బో, లోపలికి గాలిని కుక్కడంవల్ల దానికి 160 అశ్వశక్తి వచ్చింది. టర్బో ఉంటే పరిమాణాన్ని 1.4తో హెచ్చించి లెక్కకట్టాలని అప్పటి పందెం నియమం. హెచ్చించి చూడండి, 2000 లోపే ఉంటుంది. కనీసం 400 కార్లు తయారుచేయాలనేది మరో నియమం. వాటిని డియెప్ పట్టణంలోని ఆల్పీన్ కర్మాగారంలో తయారుచేశారు. 1981లో జాన్ రాగ్నోటి ఈ కారుతోనే మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు.

ఇద్దరికి మించి పట్టని కారు కుటుంబానికి దండగే. కాని దాని ప్రతి మార్పుకూ ఒక కారణముంది. బరువు సుమారు 970 కిలోలు. అంటే టన్నుకు 165 అశ్వశక్తి. ముందు ఇంజనుతోనే వేగంగా పరుగెత్తిన రెనో 5 ఆల్పీన్ రకానికి టన్నుకు 109 మాత్రమే.

ఆడంబరమన్న మాట వాడాలంటే నేను మరో కారుకు వాడతాను. సుమారు ఇరవై ఏళ్ళకు ఇదే కంపెనీ క్లియో అనే చిన్న కారులోనూ వెనక సీటు తీసి, 6 సిలిండర్ల ఇంజను కూర్చోబెట్టింది. 230 అశ్వశక్తి! చూడముచ్చటైన కారే. అయితే ఏ ర్యాలీ నియమమూ దాన్ని కోరలేదు. బరువు 1335 కిలోలకు పెరిగింది. అదే కాలంలో ముందు ఇంజనుతో అమ్మిన క్లియో స్పోర్ట్‌కు 172 అశ్వశక్తి, సుమారు 1035 కిలోలు. భాగహారం చేయండి: టన్నుకు దానికి 166, దీనికి 172. ఈ 6 కోసం వెనక సీటూ, సామాను చోటూ పోయాయి.