చెమట సాక్ష్యం చెల్లదు

కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడితే చాలు, మన ఊళ్లలో కాలేజీ గ్రౌండ్లు తెల్లారకముందే నిండిపోతాయి. ఈవెంట్స్ కోసం పరుగు తీసే కుర్రాళ్లలో నడివేసవిలోనూ రెయిన్‌కోటు తొడుక్కున్నవాడు ఒకడైనా ఉంటాడు. టీషర్టు పిండితే నీళ్లు ధారగా కారాలి, అప్పుడే కొవ్వు కరిగినట్టు లెక్క. తాయెత్తు కట్టుకున్నవాణ్ని చూసి నవ్వేవాళ్లు కూడా ఇతన్ని చూసి నవ్వరు. దేవుడి పేరు లేకపోతే మూఢనమ్మకం కాదని మన ధీమా. కానీ ఏ నమ్మకమైనా మూఢంగా మారేది దేవుడి వల్ల కాదు, దాన్ని పరీక్షకు నిలబెట్టకపోవడం వల్ల.

చెమట పని ఒంటిని చల్లబరచడం. అదీ ఆవిరైతేనే. రెయిన్‌కోటు లోపల ఆవిరయ్యే దారిలేక ఊరికే కారిపోతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది. కాటా మీద తగ్గిన బరువు నీళ్లది, తాగగానే తిరిగొస్తుంది. మరి కొవ్వు ఎటు పోతుంది? 10 కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుందని, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుందని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లెక్క ప్రచురించింది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు దించుకోవడానికి గాలాడని సూట్లు వేసుకుని కసరత్తు చేస్తూ సుమారు నెల వ్యవధిలో చనిపోయారు. అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఆ సూట్లను నిషేధించింది ఆ తర్వాతే.

రెండో నమ్మకానికి సైన్సు వేషం ఉంది. మర్నాడు తొడలు పట్టేస్తే లాక్టిక్ యాసిడ్ చేరిందంటారు. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే శాస్త్రవేత్తలు అలసిన కప్ప కండరాల్లో అది పేరుకుపోవడం చూపించారు. అలసటకు అదే కారణమన్న భావన అప్పటి నుంచే బలపడింది. కానీ కఠిన వ్యాయామం తర్వాత రక్తంలో పెరిగిన లాక్టేట్ గంట, గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి ముదిరేది ఒకటి రెండు రోజులకు. పల్లానికి పరుగెత్తితే లాక్టేట్ పెద్దగా పెరగదు, అయినా తొడలు పీకేస్తాయి. సాగుతూ బరువు మోసిన కండరపు పోగులు దెబ్బతినడమే దానికి మూలం. శాస్త్రం తన మాట తానే దిద్దుకుంది, గ్రౌండు మాత్రం పాత పాఠమే వల్లిస్తోంది.

అన్నిటికన్నా గట్టి నమ్మకం ప్రాక్టీసు మీద ఉంది. ఒకే షాట్ వందసార్లు కొట్టించి, తప్పు పోయాకే రెండోదానికి వెళ్లాలంటారు. 1979లో షే, మోర్గన్ అనే పరిశోధకులు ఈ పద్ధతిని పరీక్షించారు. చేతిలో టెన్నిస్ బంతితో చిన్న చెక్కపలకల్ని చెప్పిన వరసలో పడగొట్టాలి, అలాంటి వరసలు మూడు. కొందరు ఒకదాన్ని పూర్తిచేసి మరొకటి నేర్చుకున్నారు, కొందరు మూడింటినీ కలగాపులగంగా చేశారు. ప్రాక్టీసులో మొదటివాళ్లదే పైచేయి. పది రోజుల తర్వాత పరీక్ష పెడితే రెండోవాళ్లు నెగ్గారు. 1986లో గూడ్, మాగిల్ బ్యాడ్మింటన్ సర్వీసులు మూడు రకాలు నేర్పించి చూస్తే అక్కడా కలిపి చేసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. ప్రతి ఆటకూ, ప్రతి వయసుకూ ఇది ఇంత గట్టిగా వర్తించదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కానీ 2001లో సైమన్, బ్యోర్క్ తేల్చిన సంగతి గుర్తుంచుకోదగ్గది: ఒకే పనిని వరసగా సాధన చేసినవాళ్లు తమకు బాగా వచ్చేసిందని అంచనా వేసుకున్నారు, మర్నాడు ఆ అంచనా తప్పింది.

ఈ మూడు నమ్మకాల మూలం ఒక్కటే. ఒంటికి అనిపించినదాన్ని ఒంట్లో జరిగినదానికి రుజువుగా తీసుకుంటున్నాం. చెమట, నొప్పి, చెయ్యి తిరగడం అప్పటికప్పుడు తెలిసిపోతాయి. కొవ్వు ఖర్చవడం, కండ దెబ్బతినడం, నేర్పు నిలవడం మాత్రం కొలిస్తే తప్ప తెలియవు.

“మా కోచ్ అలాగే నేర్పించారు, మేం ఆడలేదా?” అంటారు సీనియర్లు. ఆడారు. అదే పద్ధతిలో మోకాళ్లు పోగొట్టుకుని, విసిగిపోయి ఆట మానేసినవాళ్లు తమ మాట చెప్పడానికి గ్రౌండులో లేరు. మొక్కు తీరినవాళ్లే గుడికి తిరిగొచ్చి కథ చెప్పినట్టే ఇదీను.

కోచ్‌ని “ఎలా తెలుసు సార్?” అని అడిగితే పొగరనుకునే మర్యాద ముందు పోవాలి. ఏ పద్ధతి మంచిదో తేల్చడానికి ల్యాబు కూడా అక్కర్లేదు. పిల్లల్ని రెండు జట్లు చేసి, రెండు రకాలుగా నేర్పించి, వారం ఆగి రెండు జట్లకీ ఒకే పరీక్ష పెట్టి స్కోరు రాసుకుంటే సరిపోతుంది. బాబాల్ని రుజువు అడిగే మనం విజిల్ పట్టుకున్నాయన దగ్గర మొహమాటపడడం దేనికి?