అరేనా లేకపోతే గుర్రం గాడిదైపోతుందా?

"అరేనా లేనివాళ్లు పోటీ గుర్రం జోలికి పోకూడదు." మొన్న ఒక రైడింగ్ శిక్షకుడు సెలవిచ్చిన మాట ఇది. పేరెందుకులెండి. మా తమ్ముడి కూతురు తన మార్వాడీ ఆడగుర్రాన్ని 40 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పోటీకి సిద్ధం చేస్తోంది. నాలుగు మంచి మాటలు చెబుతాడని వెళ్లాం. ఆయన గుర్రం కాళ్లు తడమలేదు, గిట్టలు ఎత్తి చూడలేదు, దాణా ఏం పెడుతున్నారని అడగలేదు. "అరేనా ఉందా?" అన్నాడు. లేదన్నాం. "అయితే అమ్మేసి స్కూటీ కొనుక్కోండి" అన్నాడు. "పోదాం పా, పెద్దబాపూ" అంది పిల్ల. పోటీ జరిగేది మట్టిదారుల మీద. ఆయన అడిగింది కంచె కట్టిన ఇసుక గురించి!

ఆయనొక్కడు అన్నాడని ఇంత రాయడం లేదు. సూరత్‌లో ఇప్పుడు ఇదొక ఫ్యాషనైంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో మధ్యాహ్నం టీ తాగుతూ చీరల ధరలు మాట్లాడుకునే సేఠ్లు కూడా అరేనా ఇసుకలో ఏ నార కలపాలో మాట్లాడుతున్నారు. పిల్లవాడికి గుర్రం కొన్నారట. గుర్రం నెమ్ము చేసి దగ్గుతున్నా తెలియదు కానీ, అరేనాలో అద్దాలు ఏ వైపు బిగించాలో తెలుసు.

డ్రెస్సేజ్, అంటే గుర్రపు నడకల పోటీ, జరిగే అరేనా 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు. 1,200 చదరపు మీటర్లు. మన లెక్కలో సుమారు 1,435 గజాలు. రింగ్ రోడ్డు మీద సహారా దర్వాజా నుంచి మజూరా గేటు దాకా నడిచి చూడండి, పార్సిలు దించడానికి టెంపోకే చోటు దొరకదు. ఈ ఊళ్లోని లింబాయత్‌లో మా వాళ్లు చాలామంది ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పద్మశాలీలు. వాళ్ల పిల్లల్లో ఒకడికి గుర్రం మీద ప్రేమ పుడితే 1,435 గజాలు ఎక్కడ తేవాలి? వాణ్ని గేటు దగ్గరే ఆపడానికి ఈ అరేనా సిద్ధాంతం భలే పనికొస్తుంది. ఇది గుర్రాల విజ్ఞానం కాదు, గంటకింత అని అద్దె వసూలు చేసుకునే వ్యాపారం.

ఇంతకీ గుర్రాన్ని పోటీకి నిలబెట్టేది ఏమిటి? గుండె, కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. స్నాయువులు, ఎముకలు అలా కాదు, వాటికి నెలలు పడుతుంది. ఊపిరి నిలుస్తోంది కదా అని తొందరపడి దౌడు తీయిస్తే కాలు పోయేది ఇక్కడే. అందుకే పాతకాలపు సవారులు సీజను మొదట్లో వారాల తరబడి గుర్రాన్ని ఉత్త నడక నడిపించేవాళ్లు. గట్టి నేల మీద తిన్నగా, మైళ్లకు మైళ్లు. తర్వాతే దుడుకు నడక (ట్రాట్). ఆ తర్వాత ఎత్తుపల్లాలు. అన్నిటికన్నా ఆఖరున దౌడు. ఇందులో ఏ మెట్టుకి కంచె కావాలి? పైగా ఆ చిన్న పెట్టెలో రోజూ అవే మలుపులు తిప్పితే భారమంతా అవే కీళ్ల మీద పడుతుంది. ఇసుక లోతైతే స్నాయువులు సాగి దెబ్బతింటాయి. అద్దె పుచ్చుకునేవాళ్లు ఈ సంగతి బోర్డు మీద రాయరు.

ఎండ్యూరెన్స్ పోటీలో దారి మధ్యలో పశువైద్యుడు గుర్రాన్ని ఆపి గుండె కొట్టుకోవడం లెక్కపెడతాడు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఇచ్చిన గడువులోగా అది నిమిషానికి 64కి దిగాలి. దిగకపోతే ఎంత ముందొచ్చిన గుర్రమైనా ఇంటికే. ఆ అంకె అద్దాల ముందు నిలబడితే రాదు. తెల్లవారుజామున లేచి, నడిపించి, చెమట ఆరబెట్టి, పోయిన ఉప్పు దాణాలో తిరిగి పెడితే వస్తుంది.

అరేనా పరీక్ష హాలు లాంటిది. పరీక్ష అక్కడ రాస్తాం, చదువు అక్కడ చదవం.

ఇది నా పైత్యం కాదు. సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు సేనాని జెనోఫన్ గుర్రపు స్వారీ మీద పుస్తకం రాశాడు. యుద్ధంలో గట్లెక్కాలి, పల్లాలు దిగాలి, కందకాలు దూకాలి కాబట్టి గుర్రానికీ సవారుకీ అవన్నీ ముందే నేర్పాలన్నాడు. ఇటలీ అశ్వికదళంలో కెప్టెన్ ఫెడెరికో కాప్రిల్లి ఇంకో అడుగు వేశాడు. మానేజ్‌లో, అంటే కంచె కట్టిన సవారీ మైదానంలో, గుర్రాన్ని మెడ వంచి తిప్పే పద్ధతి మీద ఆయన తిరగబడ్డాడు. గుర్రం తన సమతూకం తాను చూసుకునేలా బయటి నేల మీద వదలాలన్నాడు. 1907లో చనిపోయాడు. ఈనాడు ప్రపంచంలో అడ్డంకి దూకే ప్రతి సవారూ ముందుకు వంగి కూర్చునేది ఆయన చూపిన పద్ధతిలోనే. అరేనా భక్తులు రోజూ ఆ కూర్చునే తీరునే నేర్పుతారు, ఫీజు పుచ్చుకుని. ఆ తీరు ఎవరిదో, ఎందుకు పుట్టిందో మాత్రం చెప్పరు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 61వ అశ్వికదళానికి చెందిన రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్‌లో స్వర్ణం గెలిచాడు, జట్టు స్వర్ణం కూడా మనదే. ఈవెంటింగ్ అంటే మూడు పరీక్షల పోటీ, అందులో ప్రాణం తీసే భాగం క్రాస్‌కంట్రీ. అది బయలు నేల మీద చూపించాల్సిన సత్తా. ఇది చెబితే వెంటనే 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్ని తెచ్చి ముఖాన కొడతారు. డ్రెస్సేజ్‌లో జట్టు స్వర్ణం, 41 ఏళ్ల తర్వాత గుర్రపు స్వారీలో మనకు బంగారం, చూడండి అంటారు. చూశాను. వాళ్లకు నా దండం. ఆ సవారులు యూరప్‌లో ఏళ్ల తరబడి ఉండి సాధన చేశారు. మన దేశంలోని గుర్రాన్ని విదేశీ పోటీకి పంపడానికి రోగాల నిబంధనలు అడ్డుగా ఉండేవి. మీరట్ కంటోన్మెంటులో గుర్రాల రోగరహిత ప్రాంగణానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చిందే 2025లో. మన దగ్గర అడ్డు పడింది క్వారంటైన్. ఇసుక కొరత కాదు. ఆడలేక మద్దెల ఓడు.

పెళ్లి గుర్రాల సంగతి కూడా చెప్పాలి. శిక్షకుడు వాటిని చూపించి "అరేనా లేని గుర్రాలు ఇలాగే అవుతాయి" అని నవ్వాడు మరి. ముహూర్తాల రోజుల్లో రింగ్ రోడ్డు మీద వరఘోడా, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, చూడండి. ముందు డీజే లారీ, పక్కన టపాసులు, పైన ఫ్లైఓవర్ మీద హారన్లు, మధ్యలో పెళ్లికొడుకుని మోస్తూ ఆడగుర్రం కదలకుండా నిలబడుతుంది. క్లబ్బు గుర్రమైతే గాలికి ఎగిరిన ప్లాస్టిక్ కవరు చూసి యజమానిని కింద పడేస్తుంది. పోటీ మైదానంలో మైకులు, జెండాలు, జనం ఉంటారు, ఆ ధైర్యం ఏ అరేనాలో అమ్ముతారు? అలాగని ఆ గుర్రాలవాళ్లను నెత్తిన పెట్టుకోను. ముళ్ల కళ్లెం పెట్టకూడదని 1965 నాటి నిబంధనల్లోనే ఉంది. అయినా పూలదండల కింద నెత్తురోడే నోళ్లు నేను చూశాను. బారాత్‌లో వందల మంది ఐస్‌క్రీం తింటారు, గుర్రానికి బకెట్ నీళ్లివ్వాలని ఒక్కడికీ తోచదు. తిట్టాలంటే దీన్ని తిట్టాలి. మా పిల్ల మట్టిదారి సవారీని కాదు.

ఇక మిగతా అభ్యంతరాలు. దూకడం ఎలా నేర్పుతారు? నాలుగు కర్రలు, రెండు డబ్బాలు, చదునైన చేను చాలు. వలయాలు ఎలా తిప్పుతారు? 20 మీటర్ల వలయానికి పది మీటర్ల తాడు, గుప్పెడు సున్నం. తిన్నగా నడిపించడం, ఆపడం, వెనక్కి అడుగులు వేయించడం బార్దోలీ వైపు చెరుకు తోటల మధ్య బండిదారిలో ఎంతసేపైనా చేయొచ్చు. కంచె ఆసరా లేని చోట గుర్రం తిన్నగా నడిచిందంటే అసలు నేర్చుకున్నట్టు. వానాకాలంలో? ఉకాయి డ్యామ్ గేట్లు ఎత్తితే అరేనాలు కూడా చెరువులే. ప్రమాదం కాదా? తారు మీద దౌడు తీస్తే ప్రమాదమే. తారు మీద నడవాలి, దౌడు తీయకూడదు. ఇది తెలియని సవారుకి అరేనా ఉన్నా ఒకటే.

సూరత్‌లో గుట్టలు లేవన్నది మాత్రం నిజం. ఇక్కడ ఎత్తు అంటే ఫ్లైఓవరే. కానీ తాపీ వరద కట్టలకు వాలు ఉంది. డుమస్ తీరంలో ఆటు వేళ తడి ఇసుక గట్టిపడుతుంది, లోతు ఇసుకలోకి, బురదలోకి పోకుంటే చాలు. అదే తాపీ ఎగువన సారంగ్‌ఖేడాలో దత్తజయంతికి పెద్ద గుర్రాల సంత జరుగుతుంది. అక్కడికి వచ్చే గుర్రాలన్నీ అరేనాలో పెరిగినవేనా? కాఠియావాడీ, మార్వాడీ గుర్రాల రేవాల్ చాల్ అనే నడకకి ముచ్చటపడి లక్షలు పోసేవాళ్లు ఆ నడక ఏ నేల మీద దిద్దుకుందో ఒక్కసారి ఆలోచించాలి.

ఏం చేయాలంటారా? కార్పొరేషన్ నది కట్ట మీద తెల్లవారుజామున ఓ రెండు గంటలు గుర్రాలకు వదలాలి. పోటీలు పెట్టేవాళ్లు ముందురోజు అరేనాలో ప్రాక్టీసుకి అందరికీ సమానంగా సమయం ఇవ్వాలి. ఇవి జరుగుతాయా, ఎవరు అడుగుతారు అన్నది వేరే గొడవ. ఈలోగా మా పిల్ల ఉలవలు నానబోసి, చీకటితోనే గుర్రానికి జీను కడుతూనే ఉంటుంది. అరేనా లేనివాళ్లు గుర్రం అమ్ముకోవాలనే పెద్దమనిషి పోటీ రోజున తన ఇసుక గుర్రాన్ని తీసుకుని రావాలి. 40 కిలోమీటర్లు తిప్పాక ఇద్దరి గుర్రాల నాడీ పశువైద్యుడే లెక్కపెడతాడు. స్కూటీ ఎవరు కొనుక్కోవాలో అప్పుడు తేల్చుకుందాం.