పార్సిలులో వచ్చే గిటారు



పంట డబ్బు చేతికి వచ్చి క్రిస్మసు దగ్గరపడే నెలల్లో మన పల్లె సంఘములలో వాద్యములు కొనే మాట మొదలవుతుంది. ఒకప్పుడు హార్మోనియం, డోలకు, తాళాలతో సరిపోయేది. ఇప్పుడు యౌవనస్థులు గిటారు కావాలంటున్నారు. కొందరు హైదరాబాదులోని బంధువులచేత కొనిపించి పంపించమంటారు. కొందరు ఫోనులో ఆర్డరిచ్చి కలకత్తానుండో చెన్నైనుండో తెప్పించుకుంటారు. పెట్టె వరంగల్ స్టేషనులోనో, కాజీపేటలోనో, లారీ ఆఫీసులోనో దిగుతుంది. అక్కడినుండి నర్సంపేటకో, పరకాలకో, ములుగుకో బస్సుమీద, ఆటోమీద పోతుంది. ఇన్ని చేతులు మారిన గిటారు క్షేమంగా ఇల్లు చేరాలంటే ఏమి చేయాలో ఈ నెల చెప్పుకుందాము.

ముందుగా ఒక మాట. పార్సిలు దించే హమాలీలను తిట్టి ప్రయోజనము లేదు. మెయిలు బండి వరంగల్‌లో ఆగేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో మిరప బస్తాలు, గుడ్డల మూటలు, మందుల పెట్టెలు అన్నీ దిగాలి. బరువైన మూటను ఇద్దరు పట్టి నెమ్మదిగా దించుతారు. తేలికైన పెట్టెను ఒక్కరే అందుకొని విసురుతారు. గిటారుకు వచ్చిన చిక్కు అదే. అది చూడటానికి పెద్దది, ఎత్తితే తేలిక. పెట్టెమీద ‘పగిలే వస్తువు’ అని ఎర్ర అక్షరాలతో వ్రాస్తే మంచిదే కాని, అర్ధరాత్రి దీపము సరిగా లేని ప్లాట్‌ఫారముమీద దానిని ఎవరు చదువుతారు? కాబట్టి పెట్టె తప్పక ఒకసారి పడుతుంది, దానిమీద ఒక బస్తా కూర్చుంటుంది అని ముందే అనుకొని కట్టించాలి.

గిటారు ఎక్కువగా విరిగేది మెడకు, తలకు మధ్య. తీగలు బిగించే చెవులుండే ఆ తలభాగము వెనుకకు వంగి ఉంటుంది. అక్కడ కర్ర సన్నగా ఉంటుంది. పైగా ఉక్కు తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు అవి లాగే బలమంతా కలిపితే సుమారు 70 కిలోలు. అంత లాగుడుమీద ఉన్న గిటారు వెల్లకిల పడితే, పెట్టెకు దెబ్బ తగలకపోయినా లోపల తల తటాలున ఊగి విరుగుతుంది. అందుకే పైన చిల్లు కూడ లేని పెట్టెలోనుండి విరిగిన గిటారు బయటకు వస్తుంటుంది.

కట్టే పద్ధతి ఇది. తీగలను పూర్తిగా విప్పనక్కరలేదు, బాగా వదులు చేస్తే చాలు. తీగలకు, మెడకు మధ్య మెత్తని గుడ్డ పెట్టాలి. గట్టి కేసు ఉంటే మేలు. లేకపోతే బుడగల ప్లాస్టిక్ షీటు నాలుగు చుట్లు చుట్టాలి. మెడ క్రింద, తల వెనుక, తల ఇరుప్రక్కల పాత దుప్పటి ముక్కలుగాని నలిపిన వార్తాపత్రికలుగాని కూరి, తల ఊగకుండా చేయాలి. విడిగా ఉన్న బెల్టు, అదనపు తీగలు, శ్రుతి చూసే యంత్రము కేసులోపల వదలకూడదు. అవే లోపల దొర్లి చెక్కను కొడతాయి. ఇప్పుడు దీనిని గట్టి అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ మూడంగుళాల మందాన మెత్త నింపాలి. మూత వేశాక పెట్టెను ఎత్తి ఊపండి. లోపల ఏమైనా కదిలినట్లు తెలిస్తే విప్పి మళ్ళీ కట్టించండి. వానకాలమైతే లోపల ఒక ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. తడిసిన అట్టకు బలము ఉండదు. మే నెల ఎండలో తెప్పించకపోవడమే మంచిది. మూసిన లారీలో వేడి బయటి ఎండను మించిపోతుంది. ఆ వేడికి జిగురు మెత్తబడి, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోవచ్చును.

పెట్టె కట్టడము సగము పని. మిగతా సగము కాగితము. దీనిని మనవారు చాలమంది పట్టించుకోరు.

1989 నాటి రైల్వే చట్టము ప్రకారము, బుక్ చేసేటప్పుడు సరుకు విలువ ప్రకటించి దానికి తగిన అదనపు రుసుము కట్టకపోతే, నష్టపరిహారము బరువునుబట్టి లెక్కిస్తారు. బస్తా బియ్యానికి ఆ లెక్క సరిపోతుందేమో. రెండు మూడు కిలోల గిటారుకు బరువు లెక్కన ఏమి వస్తుంది? లారీ కంపెనీల విషయములోను, విలువ ప్రకటించకపోతే వారి బాధ్యత మీరు కట్టిన కిరాయికి ముడిపడి ఉంటుంది. నాలుగు రూపాయలు మిగులుతాయని కొందరు విలువ తక్కువ వేయిస్తారు. విరిగినప్పుడు ఆ తక్కువ విలువే ఎదురుగా నిలుస్తుంది. కొన్న బిల్లు ఎంతో అంతే వ్రాయించండి. సరిగా కట్టని సరుకైతే రైల్వేవారి నిర్లక్ష్యమును మనమే రుజువు చేయాలని కూడ ఆ చట్టములో ఉన్నది. కాబట్టి పెట్టె కట్టేటప్పుడు ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి ఉంచుకోండి.

సరుకు అందుకొనే రోజు ఇంకా ముఖ్యము. మాకు తెలిసిన ఒక గ్రామములో యౌవనస్థులు ఒక సీజనంతా పత్తి ఏరిన కూలిలో కొంత కొంత ప్రక్కకు పెట్టి గిటారు తెప్పించుకున్నారు. చీకటి పడ్డాక పెట్టె వచ్చింది. ఒక మూల నలిగి ఉన్నది. తెచ్చినవాడు తొందర పెట్టగా ‘సరుకు సరిగా అందినది’ అన్నచోట సంతకము చేశారు. మరునాడు విప్పి చూస్తే తలభాగము పగిలి ఉన్నది. ఎవరిని అడిగినా ఆ సంతకమే చూపించారు. ఊరి వడ్రంగి జిగురు పెట్టి బిగించి ఇచ్చాడు గనుక అది ఇప్పటికీ మ్రోగుతున్నది. కాని ఆ పిల్లల మనస్సుకు తగిలిన దెబ్బ జిగురుతో అతుక్కొనేది కాదు.

పెట్టె నలిగినా, తడిసినా, టేపు విప్పి మళ్ళీ అంటించినట్లు ఉన్నా సంతకానికి ముందే ‘ఓపెన్ డెలివరీ’ కావాలని అడగండి. అంటే పార్సిలు గుమాస్తా ఎదుటనే విప్పి చూసి, నష్టమును కాగితముమీద వ్రాయించుకోవడము. రైలు పార్సిలు విషయములో ఇది 81వ సెక్షను ఇచ్చిన హక్కు. ఎవరి దయ కాదు. లారీవారు విప్పనివ్వకపోతే ‘పెట్టె నలిగి ఉన్నది, లోపల చూడలేదు’ అని రసీదుమీద వ్రాసి సంతకము చేయండి.

ఆలస్యము చేస్తే పెద్దవారికైనా నష్టమే. 2008 మార్చి 31న డేవ్ కారల్ అనే కెనడా గాయకుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానములో వెళ్తూ, చికాగోలో సామానువారు గిటార్లు విసరడము తోటి ప్రయాణికులు చూసి చెప్పగా విన్నాడు. ఆయన టేలర్ గిటారు విరిగింది. మరమ్మతుకు 1,200 డాలర్లు అయినవి. 24 గంటలలోపల ఫిర్యాదు చేయలేదని కంపెనీ పరిహారము నిరాకరించింది. నెలల తరబడి తిరిగి విసిగి, 2009 జూలైలో ఆయన ఆ కథనే పాటగా కట్టి విడుదల చేస్తే లోకమంతా విన్నది. పాట కట్టగలిగినవాడు గనుక ఆయన గోడు వినబడింది. మనకు గడువులోపల ఇచ్చిన అర్జీయే పాట.

ఆ గడువులు గుర్తుంచుకోండి. రైల్వేకు సరుకు అప్పగించిన రోజునుండి ఆరు నెలలలోపు వ్రాతపూర్వకముగా నోటీసు ఇవ్వాలి. అక్కడ తేలకపోతే సికింద్రాబాదులోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉన్నది. లారీ కంపెనీకి బుకింగు రోజునుండి 180 రోజులలోపు నోటీసు ఇవ్వాలి. రవాణా సేవలో లోపముపై వినియోగదారుల కమిషనుకు రెండేండ్లలోపు వెళ్ళవచ్చును. 2019 చట్టము ప్రకారము మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. సలహాకు 1915 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. బిల్లు, రసీదు, ఫోటోలు, విరిగిన వస్తువు, పెట్టె, ఏదీ పారవేయకండి.

చివరిగా, హైదరాబాదునుండి వరంగల్ సుమారు 140 కిలోమీటర్లు. పండుగకు ఇంటికి వచ్చే తమ్ముడో చెల్లెలో ఉంటే, పార్సిలు మాట మాని వారి చేతికే ఇప్పించండి. బస్సులోనైనా రైలులోనైనా ఒడిలో నిలువుగా పట్టుకొని తెచ్చిన గిటారుకు మించిన భద్రత ఏ పెట్టెకూ లేదు. అది వీలుకానప్పుడు పైన చెప్పినట్లు కట్టించండి, విలువ వ్రాయించండి, చూసి సంతకము చేయండి. పెట్టె దించిన హమాలీ అన్నకు మంచి మాట చెప్పి, లోపల ఏమున్నదో చెప్పండి. చదవని అక్షరాలకన్న విన్న మాట చేయిని నెమ్మది చేస్తుంది.